పాత పికప్‌కు మరో ఇంజన్: గుర్తుపట్టడం, మార్చడం, రాయించడం

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)



ఇలాంటి సంచికల్లో ఎక్కువగా క్రమశిక్షణ గురించి, చదువు విలువ గురించి, మహనీయుల జీవితాల గురించి వ్యాసాలు వస్తాయి. నేను పాత పికప్ బండి ఇంజన్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. మన హాస్టల్‌లో చదివినవాళ్లలో ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఎందరున్నారో, టెన్త్ తర్వాత మెకానిక్ షెడ్డులో చేరినవాళ్లు, బండి తోలుకుంటున్నవాళ్లు దాదాపు అందరున్నారు. మన ఇళ్లలో ఎవరైనా అప్పు చేసి బండి కొంటే అది కొత్తది కాదు, మూడో చేతి బండి. ఏదో ఒకరోజు దాని ఇంజన్ చేతులెత్తేస్తుంది. అప్పుడు తీసుకునే నిర్ణయం మీద ఆ ఇంటి సంవత్సరం తిండి ఆధారపడి ఉంటుంది. అందుకని ఈ విషయాన్ని నాకు తెలిసినంతలో వివరిస్తాను. ఇందులో కావలసిన గణితం అంతా టెన్త్ పుస్తకంలోనిదే.

ఇంజన్‌కు మూడు గుర్తింపులు

మనిషికి పేరు, ముఖం, ఆధార్ కార్డు ఉన్నట్టే ఇంజన్‌కు కూడా మూడు గుర్తింపులు ఉంటాయి. మొదటిది, అందరూ పిలిచే పేరు. రెండోది, ఇనుము మీద ఉన్న నంబర్లు, కొలతలు. మూడోది, ఆర్‌సీ మీద ఉన్న వివరాలు. ఈ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. ఏ ఒక్కటి తప్పినా నష్టపోయేది బండి యజమానే. షెడ్డువాళ్లు మొదటిదాన్ని నమ్ముతారు. ఆఫీసువాళ్లు మూడోదాన్ని నమ్ముతారు. అసలు నిజం రెండోదానిలో ఉంటుంది.

పేరును నమ్మితే ఏమవుతుందో చూడండి. "సుమో ఇంజన్ ఉంది, తీసుకుపో" అని ఎవరైనా అంటారు. 1994లో వచ్చిన టాటా సుమోలో 1948 సీసీ డీజిల్ ఇంజన్ ఉండేది. ఆ 1948 సీసీలోనే టర్బో ఉన్నది వేరు, టర్బో లేనిది వేరు. తర్వాత వచ్చిన సుమో స్పేసియోలో 2956 సీసీ ఇంజన్ పెట్టారు. మరి "సుమో ఇంజన్" అంటే ఏది? "బొలెరో ఇంజన్" అన్నా ఇదే చిక్కు. 2000 సంవత్సరంలో బొలెరో వచ్చినప్పుడు అందులో ఉన్నది ప్యూజో వారి 2498 సీసీ ఇంజన్. తర్వాత వచ్చినది మహీంద్రా వారి 2523 సీసీ డీఐ ఇంజన్. రెండింటికీ తేడా 25 సీసీ మాత్రమే, ఒక చిన్న మందు సీసా మూతలు రెండు మూడు నింపినంత. కానీ రెండూ పుట్టుకతోనే వేర్వేరు ఇంజన్లు. ఒకదాని హెడ్డు రెండోదానికి పట్టదు, ఒకదాని పిస్టన్ రెండోదానిలో దిగదు.

పేరులోనే లెక్క ఉంది

కంపెనీవాళ్లు ఇంజన్‌కు పెట్టే కోడ్ మాత్రం ఊరికే పెట్టింది కాదు. ఉదాహరణకు, టాటా మోటార్స్ (అప్పట్లో టెల్కో) 1988లో టాటామొబైల్ అనే పికప్ తెచ్చింది. 206, 207 అని మన రోడ్ల మీద తిరిగిన బండ్లు అవే. వాటిలో ఉన్న ఇంజన్ పేరు 483 డీఎల్. ఇందులో మొదటి 4 అంటే నాలుగు సిలిండర్లు. 83 అంటే సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 83 మిల్లీమీటర్లు.

అదే పద్ధతిలో 497 అంటే నాలుగు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు. 1986లో వచ్చిన టాటా 407లో ఉన్నది ఈ 497 రకమే. తర్వాత వచ్చిన 207 డీఐ పికప్‌లోనూ ఈ 497 రకమే పెట్టారు. పాత టాటా లారీల్లో ఉన్న 697 అంటే ఆరు సిలిండర్లు, అదే 97 మిల్లీమీటర్ల బోరు. మహీంద్రా ఎంఎం 540 జీపులో వచ్చిన ప్యూజో డీజిల్ ఇంజన్ పేరు ఎక్స్‌డీపీ 4.90. ఇక్కడా 4 అంటే సిలిండర్లు, 90 అంటే బోరు. ఈ సంగతి తెలిస్తే సగం ఇంజన్లను పేరు చూసే కొలత చెప్పవచ్చు.

అయితే అన్ని కోడ్‌లూ ఇలా ఉండవు. బజాజ్ టెంపో మెటడోర్‌లో వచ్చిన ఓఎం 616 ఇంజన్ మెర్సిడెస్ బెంజ్ వారిది. ఆ 616లో సిలిండర్ల సంఖ్యా లేదు, బోరూ లేదు. దాని బోరు 90.9, స్ట్రోక్ 92.4 మిల్లీమీటర్లు. కాబట్టి కోడ్ చూసి ఊహించాక కొలిచి నిర్ధారించుకోవాలి.

సీసీ అంటే ఏమిటి?

సీసీ అంటే క్యూబిక్ సెంటీమీటర్లు, అంటే ఘన సెంటీమీటర్లు. పిస్టన్ కింద నుంచి పైకి వచ్చేటప్పుడు ఎంత చోటును ఊడ్చుకొస్తుందో అదే దాని సీసీ. ఈ చోటు ఆకారం స్థూపం. స్థూపం ఘనపరిమాణం మనకు తెలిసిందే: పై గుణించు వ్యాసార్ధ వర్గం గుణించు ఎత్తు. వ్యాసంతో చెప్పాలంటే 0.7854 × వ్యాసం × వ్యాసం × ఎత్తు. ఇక్కడ వ్యాసం అంటే బోరు, ఎత్తు అంటే పిస్టన్ నడిచే దూరం. దాన్నే స్ట్రోక్ అంటారు.

483 డీఎల్ బోరు 8.3 సెంటీమీటర్లు, స్ట్రోక్ 9 సెంటీమీటర్లు.
0.7854 × 8.3 × 8.3 × 9 = 486.95. నాలుగు సిలిండర్లకు 1947.8, అంటే 1948 సీసీ.

ఎక్స్‌డీపీ 4.90 బోరు 9 సెంటీమీటర్లు, స్ట్రోక్ 8.3 సెంటీమీటర్లు.
0.7854 × 9 × 9 × 8.3 = 528.02. నాలుగు సిలిండర్లకు 2112 సీసీ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూడండి. రెండు ఇంజన్లలోనూ ఉన్న సంఖ్యలు అవే: 83, 90. ఒకదానిలో బోరు అయినది రెండోదానిలో స్ట్రోక్ అయింది. అయినా ఘనపరిమాణం 164 సీసీ తేడా వచ్చింది. ఎందుకంటే బోరుకు వర్గం ఉంది, స్ట్రోక్‌కు లేదు. వర్గం అంటే ఏమిటి సార్, ఎక్కడ పనికొస్తుంది అని క్లాసులో అడిగే తమ్ముళ్లకు ఇదే జవాబు.

497 బోరు 9.7, స్ట్రోక్ 10 సెంటీమీటర్లు. 0.7854 × 9.7 × 9.7 × 10 = 739. నాలుగింటికి 2956 సీసీ. మహీంద్రా 2523 సీసీ ఇంజన్ బోరు 88.9, స్ట్రోక్ 101.6 మిల్లీమీటర్లు. ఆ లెక్క మీరే వేసి చూడండి, సరిగ్గా వస్తుంది. ఇంకో చిన్న విషయం. 88.9 మిల్లీమీటర్లంటే మూడున్నర అంగుళాలు, 101.6 అంటే నాలుగు అంగుళాలు. ఆ ఇంజన్ మూలం అంగుళాల్లో గీసిన డిజైన్ అని ఈ కొలతలే చెబుతున్నాయి.

షెడ్డులో కొలవడం ఎలా?

హెడ్డు విప్పినప్పుడే బోరు కొలవడం కుదురుతుంది. వెర్నియర్ కాలిపర్స్ లోపలి దవడలతో బోరు కొలవాలి. పై అంచున కార్బన్ పట్టి ఉంటుంది, దాన్ని తుడిచి కొలవాలి. స్ట్రోక్ కోసం ఫ్లైవీలును చేత్తో తిప్పి పిస్టన్‌ను పూర్తిగా పైకి తేవాలి, బ్లాకు పైతలం నుంచి లోతు చూడాలి. తర్వాత పిస్టన్‌ను పూర్తిగా కిందికి దించి మళ్లీ లోతు చూడాలి. రెండింటి తేడాయే స్ట్రోక్.

ఒక జాగ్రత్త. పాత ఇంజన్‌ను ఇంతకుముందు బోరింగ్ చేయించి ఉంటే బోరు పెరిగి ఉంటుంది. 83 ఉండాల్సిన చోట 83.5 కనిపిస్తే అది వేరే ఇంజన్ అనుకోవద్దు. అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ పిస్టన్ వేశారన్నమాట. పిస్టన్ తల తుడిచి చూస్తే చాలాసార్లు 0.50 అని గుద్ది ఉంటుంది. అలా పెరిగిన ఇంజన్ లెక్కకు 1971 సీసీ వస్తుంది. కానీ ఆర్‌సీలో 1948 అనే ఉంటుంది, అది తప్పు కాదు. బోరు పెరగడం మరమ్మతులో భాగం. స్ట్రోక్ మాత్రం మారదు. అది క్రాంక్ షాఫ్ట్ తయారైనప్పుడే స్థిరమైపోతుంది. కాబట్టి అనుమానం వస్తే స్ట్రోక్‌ను నమ్మండి.

హెడ్డు విప్పకుండానే కొన్ని గుర్తులు పట్టవచ్చు. డీజిల్ పంపు నుంచి వెళ్లే సన్నని ఇనుప పైపులు లెక్కపెడితే సిలిండర్ల సంఖ్య తెలుస్తుంది. హెడ్డులో ఒక్కో సిలిండర్‌కు నాజిల్‌తోపాటు హీటర్ ప్లగ్గు కూడా ఉంటే అది ఎక్కువగా పాత ఐడీఐ రకం. అంటే డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడకుండా పక్కనున్న చిన్న గదిలో పడి మండుతుంది. ఓఎం 616, ఎక్స్‌డీపీ అలాంటివి. డీఐ రకంలో డీజిల్ నేరుగా పిస్టన్ తలలో ఉన్న గిన్నెలాంటి గుంటలోకి పడుతుంది.

పెట్రోలు జీపుల్లోనూ ఇలాంటి గుర్తు ఉంది. పాత విల్లీస్ రకం జీపుల్లో రెండు పెట్రోలు ఇంజన్లు వచ్చాయి, రెండూ 2199 సీసీ. మొదటిదానిలో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి, హెడ్డు పలుచగా ఉండేది. రెండోది హరికేన్, దానిలో ఇన్‌టేక్ వాల్వు హెడ్డులోకి వచ్చింది. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగింది, బానెట్ కూడా ఎత్తు చేయాల్సి వచ్చింది. సీజే 3బీ జీపు ముక్కు ఎత్తుగా ఉండటానికి కారణం అదే. సీసీ ఒకటే అయినా ఇంజన్ వేరు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

పోత నంబరు, గుద్దిన నంబరు

ఇంజన్ బ్లాకు మీద రెండు రకాల నంబర్లు ఉంటాయి. మొదటిది ఉబ్బెత్తుగా ఉంటుంది. బ్లాకును పోతపోసేటప్పుడు అచ్చులోనే వచ్చేది కాబట్టి దాన్ని పోత నంబరు అందాం. అది ఆ భాగం రకాన్ని చెబుతుంది. ఒకే పోత నంబరు వేలాది ఇంజన్ల మీద ఉంటుంది. రెండోది చదునుగా నున్నగా చేసిన చోట లోపలికి గుద్ది ఉంటుంది. అదే ఆ ఒక్క ఇంజన్ సొంత నంబరు. ఆర్‌సీలో ఉండేది ఇదే. చాలామంది తొందరలో పోత నంబరు రాసుకుని వచ్చి ఆర్‌సీతో కలవడం లేదని కంగారు పడతారు.

నంబరు ఉన్నచోట కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, బ్రష్‌తో మడ్డి తీయాలి. గ్రైండర్ పెట్టకూడదు, ఎమరీ కాగితంతో గట్టిగా రుద్దకూడదు. తర్వాత పలుచటి కాగితం పెట్టి పెన్సిల్ సీసంతో రుద్దితే నంబరు అచ్చు పడుతుంది. ఆఫీసులో చాసిస్ ప్రింట్ తీసే పద్ధతి ఇదే. ఫోన్‌తో ఫొటో కూడా తీసిపెట్టుకోండి.

నంబరు పరిశీలించేటప్పుడు అంకెలన్నీ ఒకే సైజులో, ఒకే వరసలో ఉన్నాయా, చుట్టూ రాపిడి గీతలు ఉన్నాయా అని చూడాలి. పాత అంకెల నీడ మీద కొత్త అంకెలు కనిపిస్తే ఆ ఇంజన్ ఎంత చవకగా వచ్చినా వద్దు. అది దొంగ బండిది కావచ్చు. దొంగ సొత్తు అని తెలిసీ కొనడం నేరం. తెలియక కొన్నా స్టేషన్ చుట్టూ తిరగాల్సింది మనమే.

మా చిన్నాన్న బండి

ఈ విషయం మీద నాకు పట్టుదల కలగడానికి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. మా చిన్నాన్నకు పాత 207 బండి ఉండేది. ఊరి నుంచి టమాటా, వంకాయ మార్కెట్‌కు వేసేవాడు. ఇంజన్ ఆయిల్ తాగుతోందని ఒక షెడ్డులో ఇచ్చాడు. "బోరింగ్ చేయిస్తే ఆలస్యం అవుతుంది, సీజన్ పోతుంది, అదే కంపెనీ ఇంజన్ సిద్ధంగా ఉంది, వేసేస్తాం" అన్నారు. వేశారు. బండి బాగానే నడిచింది. బిల్లు ఇవ్వలేదు, ఈయన అడగలేదు. నంబరు మారిన సంగతి ఎవరికీ చెప్పాలని ఆయనకు తెలియదు.

రెండేళ్ల తర్వాత వెనక నుంచి లారీ గుద్ది బండి బోల్తా పడింది. దేవుడి దయవల్ల ప్రాణాపాయం లేదు. బీమా సర్వేయరు వచ్చి ఇంజన్ నంబరు చూశాడు. ఆర్‌సీలో ఉన్నది వేరు, బండిలో ఉన్నది వేరు. క్లెయిమ్ ఆగిపోయింది. ఇంటికి ఒక కాగితం వచ్చింది. మా ఇంట్లో ఇంగ్లీషు కాగితం చదవగలిగినవాడిని నేనొక్కడినే. అది చదివి చిన్నాన్నకు తెలుగులో చెప్పాల్సి వచ్చింది. "ప్రమాదానికీ ఇంజన్ నంబరుకూ ఏం సంబంధంరా, గుద్దింది వెనకనుంచి కదా" అని ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్నకు బలం చేకూర్చే కాగితం ఒక్కటి కూడా మా దగ్గర లేదు. బండిని తుక్కు కింద అమ్మేశాడు. అప్పు మాత్రం మిగిలింది.

ఆ తర్వాత నేను ఆటోనగర్‌లో పనిచేసే ఒక అన్న దగ్గర కూర్చుని ఇవన్నీ అడిగి తెలుసుకున్నాను. ఆయన మన హాస్టల్‌లోనే ఉండి టెన్త్ వరకు చదివాడు. "తమ్ముడూ, ఎవరైనా ఇంజన్ పేరు చెబితే నేను వినను. నంబరు చూస్తా, బోరులో వేలు పెడతా" అంటాడు. వేలు పెట్టి 83, 90, 97 తేడా చెప్పగలడు. సీసీ లెక్క ఎలా వస్తుందో మాత్రం ఆయనకు ఎవరూ చెప్పలేదట. ఆయన షెడ్డు గోడ మీద సుద్దముక్కతో పైన రాసిన లెక్క వేసి చూపించాను. 1948 వచ్చేసరికి "ఇదా సంగతి! ఇది స్కూల్లో చెప్పిందే కదా" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు ఇంజన్ నేర్పింది ఆయన, ఆయనకు లెక్క చెప్పింది నేను.

ఏ ఇంజన్ పడుతుంది?

పాడైన ఇంజన్ స్థానంలో అదే రకం ఇంజన్ వేస్తే పని సులువు. 483 తీసి 483 వేస్తే పాత మౌంటింగ్‌లు, పాత గేర్‌బాక్సు, పాత రేడియేటరు సరిపోతాయి. "అదే ఖర్చుతో పెద్ద ఇంజన్ వేద్దాం, లోడు బాగా లాగుతుంది" అనే ఆశ ఇక్కడే పుడుతుంది. 1948 సీసీ స్థానంలో 2956 సీసీ వేస్తే ఏమేం చూడాల్సి వస్తుందో చూడండి.

ఒకటి, మౌంటింగ్‌లు. చాసిస్ మీద ఇంజన్ కూర్చునే బ్రాకెట్ల చోటు మారుతుంది. కోసి వెల్డింగ్ చేయాలి. చాసిస్ మీద చేసే ప్రతి వెల్డింగ్ ఆ చోట ఇనుమును బలహీనపరిచే ప్రమాదం ఉంది.

రెండు, బెల్ హౌసింగ్, క్లచ్. ఇంజన్ వెనక బోల్టుల వరస గేర్‌బాక్సు బోల్టుల వరసతో కలవాలి. క్లచ్ ప్లేటు మధ్యలోని పళ్లు గేర్‌బాక్సు షాఫ్ట్ పళ్లకు సరిపోవాలి. కలవకపోతే మధ్యలో ప్లేటు తయారుచేయించాలి. అది వెంట్రుకవాసి పక్కకు ఉన్నా క్లచ్, బేరింగులు త్వరగా పోతాయి.

మూడు, బరువు. పెద్ద ఇంజన్ బరువు ముందు కమాన్ పట్టీల మీద, ముందు టైర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకులు మాత్రం పాతవే.

నాలుగు, వేడి. ఎక్కువ డీజిల్ మండితే ఎక్కువ వేడి. పాత రేడియేటరు చాలదు.

ఐదు, గేర్‌బాక్సు, క్రౌన్ పినియన్. ఇవి పాత ఇంజన్ టార్క్‌కు తగ్గట్టు చేసినవి. ఎక్కువ టార్క్ వస్తే ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ విరుగుతుంది. సాధారణంగా లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు విరుగుతుంది.

ఆరు, వేగం. దీనికో ఉదాహరణ లెక్క చెబుతాను. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు, క్రౌన్ పినియన్ నిష్పత్తి 5, టాప్ గేరులో ఇంజన్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే గేర్‌బాక్సు షాఫ్ట్ అన్నే తిరుగుతుందనుకోండి. చిన్న ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగితే చక్రం 800 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 1760 మీటర్లు, గంటకు 105.6 కిలోమీటర్లు. పెద్ద డీజిల్ ఇంజన్లు తక్కువ చుట్లలోనే పనిచేస్తాయి. దాని పరిమితి 3000 అనుకుంటే చక్రం 600 చుట్లు, గంటకు 79.2 కిలోమీటర్లు. అంటే ఇంజన్ పెద్దదయింది, బండి వేగం తగ్గింది. క్రౌన్ పినియన్ కూడా మారిస్తేనే ఆ తేడా పూడుతుంది. అక్కడ మళ్లీ ఖర్చు.

ఇవన్నీ కలిపితే "అదే ఖర్చు" అన్నది నిజం కాదని తెలుస్తుంది.

పాత ఇంజన్ కొనేటప్పుడు

విజయవాడ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజన్లు దొరుకుతాయి. కొనేవాళ్లు ఈ విషయాలు గుర్తుంచుకోవాలి.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే చల్లారాక మళ్లీ వస్తామని చెప్పండి. చల్లటి ఇంజన్ తన రోగాన్ని దాచుకోలేదు. నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ దట్టంగా తన్నుకొస్తే రింగులు, బోరు అరిగాయని అర్థం. మూత లోపల తెల్లటి మీగడలాంటిది ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమో అనుమానించాలి. సైలెన్సర్ పొగ నీలంగా వస్తే ఆయిల్ మండుతోంది. నల్లగా వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది లేదా గాలి చాలడం లేదు. వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు సిలిండర్‌లోకి పోతున్నాయేమో, పంపు టైమింగ్ తప్పిందేమో చూడాలి.

బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి. అందులో గుద్దిన నంబరు పూర్తిగా రాయించాలి. ఆ ఇంజన్ ఏ బండిదో, ఆ బండి ఆర్‌సీ నకలు ఇవ్వగలరా అని అడగాలి. ఇవ్వలేమంటే ధర తగ్గించమని అడగవద్దు, వేరే కొట్టుకు వెళ్లండి.

దించడం, ఎక్కించడం

పని షెడ్డువాళ్లదే అయినా క్రమం తెలిస్తే దగ్గరుండి చూసుకోవచ్చు. ముందు బ్యాటరీ తీగ తీయాలి. నీళ్లు, ఆయిల్ దించాలి. బానెట్, రేడియేటరు, డీజిల్ పైపులు, కరెంటు తీగలు, యాక్సిలరేటర్ కేబుల్, సైలెన్సర్ పైపు విప్పాలి. ప్రతి తీగకూ ఒక గుడ్డముక్కో కాగితమో కట్టి గుర్తు రాసుకోవాలి. గేర్‌బాక్సు కింద జాకీ పెట్టి హౌసింగ్ బోల్టులు తీయాలి. ఆ తర్వాతే ఇంజన్‌ను చైన్ కప్పీతో లేపాలి. వేలాడుతున్న ఇంజన్ కింద చేయి, కాలు, తల పెట్టకూడదు. షెడ్డులో చేరిన తమ్ముళ్లకు ఇది మరీ మరీ చెబుతున్నాను. "ఒక్క నిమిషమే కదా" అని దూరితే ఆ ఒక్క నిమిషంలోనే గొలుసు జారవచ్చు.

కొత్తగా వచ్చిన ఇంజన్ ఎక్కించేముందే క్లచ్ ప్లేటు, పైలట్ బేరింగు, వెనక ఆయిల్ సీలు చూసుకోవాలి. ఇంజన్ బయట ఉన్నప్పుడు ఇది చిన్న పని. ఎక్కించాక అయితే మళ్లీ అంతా విప్పాలి. డమ్మీ షాఫ్ట్‌తో క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చి బిగించాలి. చివర డీజిల్ లైనులో గాలి తీసి, స్టార్ట్ చేయగానే ముందు ఆయిల్ ప్రెషర్ చూడాలి. ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయాలి.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ చదవండి. తయారీదారు మొదట చెప్పిన వివరాలకూ ఆర్‌సీ వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ముందు అనుమతి లేకుండా ఇంజన్ మార్చి ఉంటే 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి, ఆర్‌సీ, ఫీజు ఇచ్చి ఆ మార్పు నమోదు చేయించుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చేసిన సవరణతో 182ఏ సెక్షన్ మారింది. దాని ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇప్పుడు ఆర్‌సీ తీసి చూడండి. అందులో ఇంజన్ నంబరు మాత్రమే కాదు, సిలిండర్ల సంఖ్య, సీసీ, ఇంధనం కూడా ఉంటాయి. 483 తీసి 483 వేస్తే మారేది ఒక్క నంబరే. బిల్లు చూపించి నమోదు చేయించుకోవడానికి దారి ఉంది. 483 తీసి 497 వేస్తే సీసీయే మారిపోతుంది. అంటే 52వ సెక్షన్ వద్దన్న చోటికే వెళ్తున్నాం. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఈ తేడా ఏదో ఒక ఏడాది బయటపడుతుంది, లేదా ప్రమాదం జరిగిన రోజు బయటపడుతుంది. అందుకే నా సలహా: ఇంజన్ కొనకముందే ఆర్‌సీ నకలుతో రవాణా శాఖ ఆఫీసుకు వెళ్లి, ఏ కాగితాలు కావాలో రాసుకుని రండి. నంబరు ఎక్కిన తర్వాత బీమా కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేసి పాలసీలో మార్పించుకోండి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్లకూ చెప్పాలి.

తమ్ముళ్లకు ఒక పని

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఉన్న పాత బండి దగ్గరకు వెళ్లండి. ఆర్‌సీ అడిగి తీసుకోండి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తీసి ఆర్‌సీతో పోల్చండి. సీసీ చూసి అది ఏ ఇంజనో చెప్పండి. బీమా ఎప్పటివరకు ఉందో చదివి చెప్పండి. నంబరు కలవకపోతే భయపెట్టకుండా, ఏం చేయాలో నెమ్మదిగా వివరించండి. దీనికి డిగ్రీ అక్కర్లేదు. తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు కూడా చేయగలడు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు పని తెలుసు. బరువు తెలుసు, దారి తెలుసు, బండి గొంతు వింటే రోగం తెలుసు. తెలియనిది కాగితం ఒక్కటే. ప్రభుత్వం మనకు మూడు పూటలా అన్నం పెట్టి, పుస్తకాలిచ్చి చదివించింది ఆ కాగితం మన ఇంట్లో ఎవరో ఒకరు చదవగలగాలనే. షెడ్డుల్లో పనిచేస్తున్న పూర్వ విద్యార్థి అన్నలకు కూడా ఒక మనవి: ఇంజన్ వేసిన ప్రతి బండికీ నంబరు రాసిన బిల్లు ఇవ్వండి, "పద్నాలుగు రోజుల్లో నమోదు చేయించుకో" అని ఒక్క మాట చెప్పండి. ఆ మాట మా చిన్నాన్నకు ఎవరూ చెప్పలేదు. మీ దగ్గరకు వచ్చే చిన్నాన్నలకు మీరు చెప్పండి.

సెలవు.